అద్దె ఇంటిని తనిఖీ చేసేదెవరు?

శ్రోతలకు నమస్కారం.

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఒక కుటుంబం అద్దె ఇంటి కోసం వెళ్తే ఎన్ని ప్రశ్నలు ఎదురవుతాయో మీకు తెలుసు. ఏం పని చేస్తారు, ఎంతమంది ఉంటారు, మాంసం వండుతారా, చివరికి కులమేమిటి అని కూడా అడుగుతారు. ఆధార్ కాపీ తీసుకుంటారు. అద్దెకు దిగేవారి వివరాలు తెలుసుకోమని పోలీసులూ యజమానులకు చెబుతుంటారు. కులం అడగడం తప్పు. మిగతా జాగ్రత్తలను నేను కాదనను. కానీ ఆ ఇంటి సంగతి ఎవరు అడుగుతున్నారు? వైరింగ్ ఏ కాలం నాటిది, ఎర్తింగ్ ఉందా, స్లాబు పెచ్చులూడుతోందా, నలుగురు పడుకునే గదికి కిటికీ అయినా ఉందా?

ఇల్లు కట్టేటప్పుడు మున్సిపాలిటీ అనుమతి ఇస్తుంది. ఆ తరువాత పాతికేళ్లు అద్దెకిచ్చినా, ఇది మనుషులు ఉండదగిన ఇల్లేనా అని తిరిగి చూసేవారు లేరు. మిర్చి బజ్జీల బండి పెట్టుకునే మనిషి కూడా ఆహార భద్రత చట్టం కింద రిజిస్టర్ చేయించుకోవాలి. వరుసగా పది గదులు కట్టి పది కుటుంబాల దగ్గర అద్దె తీసుకునేవారిని మాత్రం ఏ కాగితమూ అడగరు.

ఇంగ్లండ్‌లో ఈ పని మన మున్సిపాలిటీల లాంటి స్థానిక కౌన్సిళ్లు చేస్తాయి. అక్కడి 2004 గృహ చట్టం ప్రకారం, వేర్వేరు కుటుంబాలకు చెందిన ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది వంటగదినో స్నానాల గదినో పంచుకుంటూ ఒకే ఇంట్లో అద్దెకుంటే, యజమాని కౌన్సిల్ నుంచి లైసెన్సు తీసుకోవాలి. మొదట మూడంతస్తులు, ఆపైన ఉన్న ఇళ్లకే ఈ నిబంధన తప్పనిసరిగా ఉండేది. 2018 అక్టోబరు 1 నుంచి అంతస్తుల లెక్క తీసేశారు. అలాంటి ఇంట్లో ఒక్కరు పడుకునే గది 6.51 చదరపు మీటర్లకు, అంటే సుమారు 70 చదరపు అడుగులకు, తగ్గకూడదు. గ్యాస్ భద్రత పత్రం ఏటా చూపించాలి. పొగ వస్తే మోగే అలారం ప్రతి అంతస్తులో ఉండాలి. ఇల్లు నడపడానికి ఆ యజమాని తగిన మనిషేనా అన్నదీ చూస్తారు. అవసరమనుకున్న ప్రాంతంలో మామూలు అద్దె ఇళ్లన్నింటికీ లైసెన్సు పెట్టే అధికారం కూడా కౌన్సిల్‌కు ఉంది. లండన్‌లోని న్యూహామ్ కౌన్సిల్ 2013లో తన పరిధి అంతటా ఆ పని చేసింది. లైసెన్సు లేకుండా అద్దెకిస్తే భారీ జరిమానా పడుతుంది. కట్టిన అద్దె తిరిగి ఇప్పించమని అద్దెదారు ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు.

ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఒక్కటే. తనిఖీ జరగాలంటే అద్దెదారు ఫిర్యాదు చేయనక్కర్లేదు. మన దగ్గర స్విచ్చు ముట్టుకుంటే షాక్ కొడుతోందని చెప్పిన వారికి, ఇష్టం లేకపోతే ఖాళీ చేయండి అన్న జవాబు వస్తుంది. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో పనిచేస్తూ గదిలో నలుగురైదుగురు సర్దుకునే కార్మికులు, మిర్యాలగూడ రైస్ మిల్లులకు బీహార్ నుంచి వచ్చినవారు, పాలమూరు విశ్వవిద్యాలయానికి పల్లెల నుంచి వచ్చే పిల్లలు ఎవరి మీద ఫిర్యాదు చేయగలరు? మే నెల ఎండలో రేకుల గదిలో పడుకోవడం ఎలా ఉంటుందో ఈ జిల్లాల వారికి నేను చెప్పనవసరం లేదు.

మనకు చట్టం లేదా అంటే, ఉంది. 1960 నాటి భవనాల అద్దె నియంత్రణ చట్టం ప్రకారం అద్దె కట్టినవారికి రసీదు ఇవ్వాలి. తగిన కారణం లేకుండా కరెంటు, నీళ్లు ఆపకూడదు. అయితే 2005 సవరణతో కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన అద్దెలు దాని పరిధి నుంచి బయటికి వెళ్లాయి. ఇవాళ రెండు వేలకు ఇల్లు ఎక్కడ దొరుకుతుంది? ఆ రక్షణ అవసరమైనవారిలో చాలామందికి అది అందడం లేదు. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం అడ్వాన్సును రెండు నెలల అద్దెకు పరిమితం చేసింది, ఇంట్లోకి రావాలంటే యజమాని 24 గంటల ముందు చెప్పాలంది. మంచి మాటలే. కానీ అది రాష్ట్రాలు తమంతట తాము అమలుకు తెచ్చుకోవలసిన నమూనా. పైగా అది ప్రధానంగా ఒప్పందాల గురించే మాట్లాడుతుంది, లైసెన్సు గురించి కాదు.

కరెంటు మీటరు సంగతి చూడండి. గృహజ్యోతి పథకంలో నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన కుటుంబాలకు 2024 మార్చి నుంచి సున్నా బిల్లు వస్తోంది. అద్దెకున్నవారూ అర్హులే. కానీ నాలుగు వాటాలకు ఒకటే మీటరు ఉంటే వాడకం అంతా కలిసి 200 దాటిపోతుంది, పేద కుటుంబానికి రావలసిన సాయం రాదు. మన దగ్గరా అలాంటి లైసెన్సు తెచ్చి, వాటాకో మీటరు ఉండాలని అందులో షరతు పెడితే ఈ నష్టం ఆగుతుంది.

లైసెన్సు అనగానే మరో లంచం, మరో అద్దె పెంపు అని భయపడేవారున్నారు. ఆ భయం న్యాయమైనదే. అందుకే ఉన్న ఇంట్లో ఒక వాటా అద్దెకిచ్చి దాని మీదే బతికే వృద్ధురాలి జోలికి మొదట వెళ్లకూడదు. ఎక్కువ గదులు కట్టి అద్దెకిచ్చే భవనాలతో ప్రారంభించాలి. రుసుము నామమాత్రంగా ఉండాలి, తనిఖీలో ఏమేమి చూస్తారో ముందే ప్రకటించాలి. ఇంటి పన్ను జాబితా మున్సిపాలిటీ దగ్గర ఎలాగూ ఉంది. అందులో ఏ భవనం అద్దెకు నడుస్తోందో బిల్ కలెక్టర్‌కు తెలియనిది కాదు.

ఆ లైసెన్సు పద్ధతి వచ్చేదాకా, ఇల్లు అద్దెకు తీసుకునేవారు ఈ కొద్ది పనులైనా చేయండి. చేరే రోజున మీటరు రీడింగుకు, గోడ పగుళ్లకు ఫోనులో ఫొటోలు తీసిపెట్టుకోండి. అడ్వాన్సు ఎంత ఇచ్చారో కాగితం మీద రాయించండి. అద్దెను బ్యాంకు ద్వారానో ఫోను ద్వారానో పంపండి, లెక్క నిలుస్తుంది. వార్డు సమస్యలు చెప్పుకునే అవకాశం వచ్చినప్పుడు రోడ్డు, మోరీలతో పాటు అద్దె ఇళ్ల తనిఖీ గురించి కూడా మీ కౌన్సిలర్‌ను అడగండి. యజమానులు కూడా ఈ వేసవి రాకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ ఒకసారి చూపించండి.

నమస్కారం.