తాకితేనే వెలిగే నీళ్ళు

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా పలకరించడం మర్యాద. అయితే నవంబరు 21, ప్రపంచ మత్స్య దినోత్సవం పేరుతో నాకు దొరికిన ఈ ఇరవై నిమిషాలూ మా నాయనకు చెందవలసినవి కాబట్టి, వారు నన్ను మన్నించాలి. వలల ధరల గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. సమయం మిగిలితే ఆ సంగతికి వస్తాను.

నాకు పదహారేళ్ళప్పుడు, శివరాత్రి మరునాటి అమావాస్య నాడు, నాయన, చిన్నాయన, నేను తుమ్మలపెంట తీరం నుంచి తెప్ప వేసుకుని బయలుదేరాము. గట్టు వైపు నుంచి వీచే రాత్రి గాలికి తెరచాప నిండింది. ఊళ్ళోని దీపాలు కనుమరుగైన కొంతసేపటికి, తాళ్ళతో బిగించిన దుంగల సందుల్లోంచి నా పాదాల చుట్టూ ఎగదన్నుతున్న నీళ్ళు నీలంగా వెలగసాగాయి. భయపడి కాళ్ళు పైకి తీసుకున్నాను. వెనక్కి చూస్తే తెప్ప వచ్చిన దారి పొడవునా ఒక వెలుగు చార సాగి, దూరంగా చీకట్లో కలిసిపోతున్నది. చిన్నాయన తెడ్డు ఎత్తితే దాని అంచు నుంచి జారిన ప్రతి చుక్కా నీటిని తాకినచోట ఒక మెరుపు పుట్టి ఆరిపోయేది. వల తాడు లాగుతున్నప్పుడు నా ముంజేతి వెంట్రుకలకు అంటుకున్న చుక్కలు వెలుగుతుంటే వేలితో రుద్దాను. వెలుగు వేలికి అంటింది కానీ, వేడి లేదు.

నేను లాంతరు వెలిగించబోతే నాయన వారించాడు. "దీపం వద్దు అబ్బయా, చేప యాడుందో నీళ్ళే చెప్తాయి" అన్నాడు. కాసేపటికి మా ఎడమ పక్కన నీటి అడుగున ఒక తెల్లని మబ్బు కదిలి, విడిపోయి, మళ్ళీ కూడుకున్నది. "అవి కవ్వలు" అని నాయన ఆ చేపల గుంపు కోసం వల సిద్ధం చేశాడు. ఆ మబ్బును చీల్చుకుంటూ ఒక్క గీత సూటిగా దూసుకుపోతే, కవ్వలను తరిమే పెద్ద చేప వచ్చిందన్నాడు. ఇది మంటా, దయ్యమా అని అడిగాను. "జీవం రా. తాకితే ఉలిక్కిపడతది" అని ఊరుకున్నాడు.

తరువాత డిగ్రీ చదువుకు పట్నం వెళ్ళాను. తరగతిలో ఈ సంగతి చెప్పినప్పుడు మా అధ్యాపకుడు నవ్వి, సముద్రంలోని భాస్వరం వెలుగుతుందని, మిగిలినదంతా పల్లెకారుల మూఢనమ్మకమని అందరి ముందూ అన్నాడు. ఆ నవ్వు కంటే నన్ను ఈనాటికీ బాధించే విషయం మరొకటున్నది. సెలవులకు ఇంటికి వచ్చి, ఆయన మాటనే నేను నాయనకు పాఠంలాగా అప్పజెప్పాను. నాయన వాదించలేదు. వల బాగుచేసుకుంటూ తల కూడా ఎత్తలేదు.

దయచేసి వినండి, ముందు వరుసలో కూర్చున్న పిల్లలు మరీ శ్రద్ధగా వినండి. ఆ వెలుగు భాస్వరం వల్ల వచ్చేది కాదు. మన సముద్రాల్లో ఈ వెలుగుకు తరచుగా కారణమయ్యేది నాక్టిల్యూకా అనే ఏకకణ జీవి. ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉండే దాన్ని గాజు గ్లాసుతో నీళ్ళు ముంచి చూస్తే కంటికే కనిపిస్తుంది. అల గాని, తెడ్డు గాని, చేప తోక గాని దాన్ని కదిలించగానే, దాని లోపల లూసిఫెరిన్ అనే పదార్థం లూసిఫెరేజ్ అనే ఎంజైము సాయంతో ఆక్సిజన్‌తో కలిసి, సెకనులో పదో వంతు పాటు వెలుగుతుంది. తనను తినవచ్చిన చిన్న జీవిని బెదరగొట్టడానికి, లేదా దాన్ని తినే పెద్ద జీవికి దాని జాడ చూపించడానికి ఇలా వెలుగుతుందని శాస్త్రజ్ఞులు భావిస్తారు. తాకకుండానే నిలకడగా వెలిగే పాల సముద్రం వేరు, అది బ్యాక్టీరియా పని. 1995 జనవరిలో సోమాలియా దగ్గర 15,400 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న అటువంటి వెలుగును ఉపగ్రహం చిత్రించింది. మన వెలుగు మాత్రం తాకితేనే వచ్చేది. నాయన చెప్పిన మాట అదే. ఉలిక్కిపాటు.

నేను ఇదంతా చదివి తెలుసుకునేనాటికి నాయన లేడు. నీ మాటే నిజమైందని ఆయనకు చెప్పలేకపోయాను.

ఇవాళ హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఉపగ్రహాల ద్వారా సముద్రపు వేడిని, నీటి రంగును చూసి, చేపలు దొరకగల చోట్లను మీ ఫోన్లకు పంపుతున్నది. అది గొప్ప మేలు, తప్పక వాడుకోండి. అయితే చీకట్లో వెలుగు ఆకారాన్ని చూసి చేప పేరు చెప్పగలిగిన కళ్ళు ఈ ఊళ్ళో ఇంకా ఉన్నాయి, వాటిలో కొన్ని ఇప్పుడు శుక్లాలతో మసకబారుతున్నాయి. కవ్వల వెలుగు ఎలా ఉంటుంది, కానాగంతల వెలుగు ఎలా ఉంటుంది, ఏ నెలలో ఎంత లోతున కనిపిస్తుంది, ఇవేవీ నేను చదివిన ఏ పాఠ్యపుస్తకంలోనూ లేవు. నాకు గుర్తున్నది ఒక్క రాత్రి మాత్రమే. మీ తాతలకు వందల రాత్రులు గుర్తున్నాయి.

వలల ధరల సంగతికి సమయం మిగలలేదు, నిర్వాహకులు క్షమించాలి. సభ ముగిశాక నేను ఒడ్డున పడవల దగ్గర కూర్చుంటాను. నా దగ్గర నూరు పేజీల నోటు పుస్తకం ఒకటున్నది. అందులో మొదటి పేజీ మీద నాయన మాటలు రాశాను. తక్కిన పేజీలు ఖాళీగా ఉన్నాయి, మీ తాతలను చెయ్యి పట్టుకుని తీసుకురండి.