రీమా లాగూ: అరువు గొంతుతో అమ్మ, సొంత గొంతుతో అత్త

ప్రేక్షకులకు నమస్కారం. విజయవాడ నుంచి మాట్లాడుతున్నాను. 2017 మే 18వ తేదీ తెల్లవారుజామున ముంబయిలో హిందీ, మరాఠీ నటి రీమా లాగూ గుండెపోటుతో కన్నుమూసినప్పుడు, ఆమె గురించి వెలువడిన నివాళుల్లో చాలా భాగం ‘వెండితెర అమ్మ’ అన్న ఒక్క మాట చుట్టూనే తిరిగాయి. అప్పటికి ఆమె వయసు 58 ఏళ్లు. ముందురోజు వరకూ ‘నామ్‌కరణ్’ అనే హిందీ సీరియల్ షూటింగులో పాల్గొంటూనే ఉన్నారు. ఆమె అమ్మ పాత్రలను తక్కువ చేయాలన్న ఉద్దేశం నాకు లేదు. అయితే ఆమె తొలుత గొప్ప హాస్యనటి అని, ఆ సంగతి తెలుగువాళ్లకు సగమే తెలియడానికి బలమైన కారణం ఒకటి ఉందని నా అభిప్రాయం. ఈరోజు మాట్లాడబోయేది దాని గురించే.

1989 డిసెంబరులో ‘మైనే ప్యార్ కియా’ విడుదలైంది. అదే తెలుగులోకి ‘ప్రేమ పావురాలు’గా వచ్చింది. ‘హమ్ ఆప్‌కే హై కౌన్’ కూడా ‘ప్రేమాలయం’ అనే పేరుతో మన థియేటర్లకు చేరింది. మొదటి చిత్రంలో సల్మాన్ ఖాన్‌కు తల్లిగా నటించే నాటికి ఆమెకు 31 ఏళ్లు, ఆయనకూ ఆమెకూ మధ్య ఉన్న తేడా ఏడేళ్లు మాత్రమే. పదేళ్ల తరువాత ‘వాస్తవ్’లో, తనకన్నా ఏడాది చిన్నవాడైన సంజయ్ దత్‌కు ఆమెను తల్లిని చేశారు. చిత్రసీమ లెక్కలు అలాగే ఉంటాయి, వాటి గురించి వాపోయి లాభం లేదు.

విజయవాడ, గుంటూరు థియేటర్లలో ఆ సినిమాలను తెలుగులో చూసి కళ్లు తుడుచుకున్నవారికి రీమా లాగూ ముఖం పరిచయమైంది గానీ, గొంతు పరిచయం కాలేదు. తెర మీద కన్నీళ్లు ఆమెవి, వినిపించిన మాటలు డబ్బింగ్ థియేటర్‌లో మరో కళాకారిణివి. అందులో ఆ కళాకారిణి తప్పేమీ లేదు, ఆమె పని ఆమె చక్కగానే చేసింది. కానీ నటనను ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్వికం అని నాలుగుగా విభజించి చూసే అలవాటు మన నాటకాలవాళ్లకు ఉంది. వాటిలో వాచికాన్ని, అంటే మాట పలికే తీరును, పూర్తిగా తీసేసి, మిగిలినదాన్ని పట్టుకుని ఒక నటిని అంచనా కట్టడం ఎంతవరకు న్యాయం? ఏడుపు సన్నివేశం గొంతు మారినా నిలబడవచ్చు. హాస్యం అలా నిలబడదు. ఒక మాటకూ మరో మాటకూ మధ్య ఎంత ఆగాలి, ఏ అక్షరం మీద గొంతు పెంచాలి, ఎక్కడ ఏమీ ఎరగనట్టు చప్పగా అనేసి ఊరుకోవాలి అన్నవి నటి తన ఊపిరితో వేసుకునే కొలతలు.

ఆమె అసలు గొంతు మన ఇళ్లకు వచ్చింది దూరదర్శన్ ద్వారా. 1994లో మొదలైన ‘శ్రీమాన్ శ్రీమతి’లో ఆమె కోకిలా కులకర్ణి. కథ చాలా చిన్నది. పక్కపక్క ఇళ్లలో రెండు జంటలు ఉంటాయి, ఒక ఇంటి భర్తకు పొరుగింటి ఇల్లాలి మీద మోజు, ఆ పొరుగింటి భర్తకు ఇటువైపు ఇల్లాలి మీద ఆరాధన. కోకిల భర్త కేశవ్‌గా జతిన్ కనకియా, పొరుగున సినిమా తార ప్రేమా శాలినిగా అర్చనా పూరణ్ సింగ్, ఆ తార భర్త దిల్‌రుబాగా రాకేశ్ బేడీ నటించారు. కొంచెం అదుపు తప్పితే వెకిలిగా మారిపోయే సరుకు ఇది. అది కుటుంబమంతా కలిసి కూర్చుని చూడదగిన హాస్యంగా నిలబడిందంటే అందులో పెద్ద వాటా కోకిల పాత్రదే అంటాను. మిగిలిన ముగ్గురూ చేతులు తిప్పుతూ, కళ్లు ఎగరేస్తూ, గొంతులు పెంచుతూ సందడి చేస్తుంటే, ఈమె మామూలు నేత చీర కట్టుకున్న గృహిణిలా నిలబడి, ఇంటి పని చూసుకునే ధోరణిలోనే జవాబు చెప్పేవారు. నవ్వించాలన్న ప్రయత్నం ఆమె ముఖంలో ఎక్కడా కనిపించదు. వెనుక నుంచి రికార్డు చేసిన నవ్వులు వినిపిస్తున్నా, వాటి కోసం ఎదురుచూస్తున్నట్టు ఆమె ఎన్నడూ ఆగలేదు.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట చెప్పాలి. ఆ రోజుల్లో మన ప్రాంతంలో చాలామంది పిల్లలు దక్షిణ భారత హిందీ ప్రచార సభ వారి ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష పరీక్షలకు కట్టేవారు. వాళ్లకు తెలిసిన హిందీ పాఠ్యపుస్తకాల హిందీ. దంపతులు దెప్పుకునే హిందీ, పొరుగువారిని సాగనంపే హిందీ వాళ్ల చెవిన పడింది ఇలాంటి సీరియళ్ల వల్లనే. హిందీ అంతగా రాని పెద్దవాళ్లు సైతం కోకిల ఎప్పుడు విసుక్కుందో, ఎప్పుడు భర్త అబద్ధాన్ని పసిగట్టిందో ఆమె గొంతును బట్టే గ్రహించగలిగేవారు.

అదే 1994లో దూరదర్శన్ వారి మరో ఛానల్ డీడీ మెట్రోలో ‘తూ తూ మై మై’ మొదలైంది, ఆ తరువాత స్టార్ ప్లస్‌కు వెళ్లింది. దర్శకుడు సచిన్ పిల్‌గావ్‌కర్, కోడలు రాధగా సుప్రియా పిల్‌గావ్‌కర్, అత్త దేవకిగా రీమా లాగూ. ఇద్దరు నటీమణుల మధ్య వయసు తేడా తొమ్మిదేళ్లే.

అత్తాకోడళ్ల తగవు తెలుగువారికి కొత్త సరుకు కాదు, సూర్యకాంతం గారిని చూసిన కళ్లు మనవి. అయితే మన సినిమాల్లో గయ్యాళి పాత్రకు చివర్లో బుద్ధి రావడమన్నది ఒక నియమం. గుండమ్మ ఎంత హడావిడి చేసినా ఆఖరున తగ్గక తప్పలేదు. దేవకికి ఆ గండం లేదు. వారం వారం తగవు వస్తుంది, ముగుస్తుంది, అత్తా మారదు, కోడలూ మారదు, ఇద్దరి మధ్యా కొడుకు నలిగిపోతూనే ఉంటాడు. గెలుపోటములు లేని తగవును ఏళ్ల తరబడి నడపాలంటే విసుగు పుట్టకుండా మాట విసరడం తెలియాలి. కోకిల దగ్గర అణిచిపెట్టిన గొంతును రీమా లాగూ ఇక్కడ పూర్తిగా విప్పారు. దెప్పుడు, దబాయింపు, అంతలోనే కొడుకు ముందు దీనాలాపన, మళ్లీ కోడలి వైపు తిరిగేసరికి పాత స్వరం. ఈ మలుపులన్నీ ఒకే ఊపులో సాగేవి.

ఇదంతా ఎక్కడి నుంచి వచ్చిందంటే, రంగస్థలం నుంచి. ఆమె తల్లి మందాకినీ భడ్‌భడే పేరున్న మరాఠీ రంగస్థల నటి. నయన్ భడ్‌భడే అన్నది రీమా అసలు పేరు. ముంబయిలో బ్యాంకు ఉద్యోగం చేస్తూనే ఆమె మరాఠీ నాటకాలాడారు, ‘పురుష్’ వంటి గంభీరమైన నాటకంలో నానా పటేకర్ సరసన నటించారు. తెనాలి, గుంటూరు వైపు పరిషత్తు నాటకాలు చూసినవారికి నేను వేరే చెప్పనక్కరలేదు, చివరి వరుసలో కూర్చున్నవాడికి గొణుగుడు కూడా వినిపించేలా చెప్పడం వేదిక మీద నేర్చుకోవాల్సిందే.

మరి ఇంతటి హాస్యనటిని మనం సగమే గుర్తుపెట్టుకోవడం ఎందుకు జరిగింది? డబ్బింగ్ సంగతి చెప్పాను. రెండో కారణం కాలం. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాయి. సొంత భాషలో సీరియళ్లు, సినిమాలు దొరికాక, మన ఇళ్లు హిందీ ధారావాహికల నుంచి త్వరగానే తప్పుకున్నాయి. అది సహజమే, మంచిదే. అయితే రీమా లాగూ హాస్యం పదునెక్కుతున్న ఏళ్లు కూడా సరిగ్గా అవే. తరువాత ఆమె మళ్లీ మనకు కనిపించింది ‘కుఛ్ కుఛ్ హోతా హై’ వంటి సినిమాల్లో, తిరిగి అమ్మగానే.

2020లో లాక్‌డౌన్ సమయంలో దూరదర్శన్ ‘శ్రీమాన్ శ్రీమతి’ని మళ్లీ ప్రసారం చేసినప్పుడు, ఆమెను అమ్మగా మాత్రమే ఎరిగిన తరం ఆమె చేత నవ్వించుకుంది. ఇప్పుడు ఎవరైనా ఆమె పనిని కొత్తగా చూడాలనుకుంటే, ముందుగా ‘శ్రీమాన్ శ్రీమతి’తోనే మొదలుపెట్టమంటాను. దేవకి పాత్ర ఎక్కువ మందికి నచ్చుతుందని తెలుసు, అందులో ఆర్భాటం ఉంది, ఎదుట సుప్రియ వంటి సమఉజ్జీ ఉంది. కానీ ముగ్గురు ఆర్భాటం చేస్తున్న గదిలో నాలుగో మనిషిగా నిలబడి, గొంతు పెంచకుండా సన్నివేశాన్ని తనవైపు తిప్పుకోవడం ఇంకా కష్టమైన పని. అందుకే నా ఓటు కోకిలకే.