స్వింగ్ ప్లేన్: గోడకు వాల్చిన చక్రం

అందరికీ నమస్కారం. ఎండ ముదరకముందే రేంజ్‌కి, అంటే ప్రాక్టీస్ మైదానానికి, వెళ్ళాలి కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

మీలో చాలామంది క్రికెట్ ఆడి గోల్ఫ్‌కి వచ్చినవాళ్ళు. నేనూ అంతే. స్ట్రెయిట్ డ్రైవ్‌లో బ్యాట్ దాదాపు నిటారుగా ఊగుతుంది. పుల్ షాట్‌లో అడ్డంగా తిరుగుతుంది. గోల్ఫ్ క్లబ్, అంటే బంతిని కొట్టే కర్ర, ఈ రెండింటికీ మధ్యన, ఏటవాలుగా తిరుగుతుంది. బండి చక్రాన్ని ఊడదీసి గోడకు వాల్చారనుకోండి. ఆ చక్రం అంచు వెంబడి క్లబ్ హెడ్, అంటే కర్ర చివరి తల, తిరుగుతోంది. ఆ వాలునే స్వింగ్ ప్లేన్ అంటున్నాం.

ఈ వాలు ఏ కోచ్‌గారో పెట్టిన నియమం కాదు. బంతి నేల మీద ఉంది, మనం దానికి ఎడంగా నిలబడ్డాం, కాబట్టి కర్ర వాలక తప్పదు. గోల్ఫ్ రూల్స్ ప్రకారం, బంతిని గుంతలోకి దొర్లించే పటర్ షాఫ్ట్ (కాడ) అయినా సరే నిటారు గీతకు కనీసం 10 డిగ్రీలు వాలి ఉండాలి.

క్లబ్ మారితే వాలు మారుతుంది. అన్నిటికన్నా దూరం కొట్టే డ్రైవర్ సుమారు 45 అంగుళాలు ఉంటుంది, మధ్యరకం దూరానికి వాడే సెవెన్ ఐరన్ 37 దగ్గర. డ్రైవర్ పట్టుకుంటే బంతికి దూరంగా జరుగుతాం, చక్రం కాస్త పడుకుంటుంది. దగ్గరి షాట్లకి వాడే పొట్టి వెడ్జ్‌తో దగ్గరికొస్తాం, చక్రం లేస్తుంది. ఆరడుగుల మనిషి వాలు, ఐదడుగుల మనిషి వాలు ఒకటి కావు. అందుకే ఎవరిదో వీడియో పక్కన మన వీడియో పెట్టుకుని, గీతలు గీసుకుని బాధపడటం నాకు నచ్చదు.

ఈ విషయంలో అందరూ చెప్పే బొమ్మ పాతతరం అమెరికన్ గోల్ఫర్ బెన్ హోగన్‌ది. 1957లో ఆయన ఒక పెద్ద గాజు పలకను ఊహించుకోమన్నాడు. అది బంతి దగ్గర మొదలై భుజాల మీద ఆనుతుంది, తల పట్టడానికి దానికో కన్నం. బ్యాక్‌స్వింగ్‌లో, అంటే క్లబ్‌ని వెనక్కి పైకెత్తేటప్పుడు, చేతులు ఆ గాజు కిందనే ఉండాలి, పగలగొట్టకూడదు. ఇంతవరకు అందరికీ గుర్తుంటుంది. దిగేటప్పటి ప్లేన్ వేరని కూడా ఆయనే చెప్పాడు. అది ఇంకాస్త పడుకుని, టార్గెట్‌కి కొంచెం కుడివైపు తిరిగి ఉంటుందన్నాడు. అసలు ముఖ్యమైనది ఆ రెండో మాటే అని నా నమ్మకం.

అమెరికన్ ఆటగాడు జిమ్ ఫ్యూరిక్‌ని చూడండి. క్లబ్‌ని దాదాపు నిలువుగా పైకెత్తి, అక్కడొక మెలిక తిప్పి, కిందికి దించుతాడు. ఆ స్వింగ్‌తోనే 2003లో యూఎస్ ఓపెన్ గెలిచాడు, 2016లో పీజీఏ టూర్‌లో ఒక రౌండ్‌ని 58 దెబ్బల్లో ముగించిన మొదటి ఆటగాడయ్యాడు. మరోవైపు ఇంకో అమెరికన్ బ్రైసన్ డిషాంబో తన ఐరన్లన్నీ ఒకే పొడవులో చేయించుకున్నాడు. ఏ ఐరన్ తీసినా నిలబడేది ఒకేలా, తిప్పేది ఒకేలా. ఆయనా 2020లో, 2024లో యూఎస్ ఓపెన్ గెలిచాడు. పైన ఇద్దరికీ పొంతన లేదు. కింద, నడుము ఎత్తు నుంచి బంతి వరకు, ఇద్దరి క్లబ్బూ రావలసిన దారిలోనే వస్తుంది.

బంతి క్లబ్ ఫేస్ (బంతికి తగిలే ముఖం) మీద ఉండేది సెకనులో సుమారు రెండు వేలో వంతు. ఆ క్షణంలో ఫేస్ ఎటు చూస్తుందో, బంతి ఎక్కువగా అటే బయలుదేరుతుంది. ఫేస్ ఒకవైపు చూస్తూ, క్లబ్ దారి ఇంకోవైపు ఉంటే బంతి గాలిలో వంకర తిరుగుతుంది.

నేను రెండేళ్ళు స్లైస్‌తో, అంటే బంతి కుడికి వంకర తిరిగిపోవడంతో, అవస్థపడ్డాను. బంతి కుడికి పోతోందని ఎడమవైపు గురిపెట్టేవాణ్ణి. అది ఇంకా కుడికి తిరిగేది. ఒకరోజు వంగి డివాట్, అంటే క్లబ్ తగిలి నేల లేచిన గుంట, చూశాను. అరచేయంత పచ్చిక లేచిపోయి ఎర్రమట్టి కనిపిస్తోంది. ఆ గుంట పొడవునా నా బూటు పెట్టి చూస్తే, బూటు ముందుభాగం జెండాకి బాగా ఎడమవైపు చూపిస్తోంది. క్లబ్ బయటినుంచి లోపలికి, అంటే బంతికి అవతలి పక్కనుంచి నా వైపుకి, కోసుకుంటూ వస్తోందన్నమాట. అప్పటిదాకా నేను బ్యాక్‌స్వింగ్ సరిదిద్దుకుంటూ కూర్చున్నాను. తీరా వీడియో తీయిస్తే పైకి వెళ్ళేదంతా బాగానే ఉంది. దిగడం మొదలవగానే బలంగా కొట్టాలన్న తొందరలో కుడి భుజం ముందుకు దూకుతోంది, చేతులు బంతివైపు నెట్టుకుపోతున్నాయి. చక్రం అక్కడ ఒరిగిపోతోంది.

వీడియో అన్నాను కాబట్టి ఒక జాగ్రత్త. ఫోన్ టార్గెట్‌కి వ్యతిరేక దిశలో, మీ చేతుల ఎత్తులో, చేతుల వరుసలో ఉండాలి. దాని చూపు టార్గెట్ లైన్‌కి, అంటే బంతి నుంచి టార్గెట్‌కి పోయే గీతకి, సమాంతరంగా ఉండాలి. ఒక అడుగు పక్కకు జరిగినా మంచి ప్లేన్ చెడ్డదిగా, చెడ్డది మంచిదిగా కనిపిస్తుంది. వంకరగా పెట్టిన కెమెరాని నమ్మి ఉన్న స్వింగ్ పాడుచేసుకున్నవాళ్ళని చూశాను, అందుకే గట్టిగా చెబుతున్నాను.

నాకు పనిచేసిన ఉపాయం చాలా చిన్నది. డ్రైవర్ హెడ్‌కవర్ (క్లబ్ తలకి తొడిగే మెత్తని తొడుగు) తీసుకుని, బంతికి అవతలి పక్కన, జానెడు వెనగ్గా పెట్టండి. భుజం ముందుకు దూకితే క్లబ్ దాన్ని కొట్టేస్తుంది. కొట్టకుండా బంతిని తాకాలంటే ముందు నడుము తిరగాలి, చేతులు కుడి తొడ దగ్గరికి దిగాలి. మొదటి 20 బంతులు సగం వేగంతోనే కొట్టండి. దూరం గురించి టెన్షన్ వద్దు, డివాట్ ఎటు చూస్తోందో మాత్రం ప్రతిసారీ వంగి చూడండి.

సెవెన్ ఐరన్, హెడ్‌కవర్ తెచ్చుకోండి. ఎడమచేతివాటం వాళ్ళు నేను చెప్పిన కుడి, ఎడమలు తిరగేసుకుని రేంజ్ చివరికి రండి, మీతోనే మొదలుపెడదాం.