బాబాయి కారు టిక్ టిక్ అంటోంది.. బ్యాటరీ కొనకముందు ఇది చూడండి!

హాయ్ అండీ, నమస్తే. ఇవాళ శిల్పారామం వ్లాగ్ అనుకున్నాం కానీ బాబాయి కారు కదలనంటోంది. "మీ అమెరికాలో అన్నీ మీరే చేసుకుంటారటగా, నువ్వే చూడు" అన్నారు. సరే, కూకట్‌పల్లి సెల్లార్ నుంచే వ్లాగ్. శబ్దం వినండి.

టిక్ టిక్ టిక్ అని గబగబా కొట్టుకుంటోంది కదా? ఇంజన్‌ని మొదట తిప్పే స్టార్టర్ మోటార్ మీదున్న సొలెనాయిడ్ అనే స్విచ్‌కి కరెంటు చాలక పట్టుకుంటూ వదిలేస్తోంది. అలా కాకుండా ఒక్కటే "ఠక్" మని ఆగిపోయి, లైట్లు ధగధగా వెలుగుతుంటే స్టార్టర్ మోటార్‌ని అనుమానించాలి. "గర్ర్" మంటే స్టార్టర్ చిన్న చక్రం పినియన్, ఇంజన్ పెద్ద చక్రం ఫ్లైవీల్, వీటి పళ్లు సరిగ్గా కలవట్లేదు. మళ్లీ మళ్లీ తాళం తిప్పితే పళ్లు ఇంకా పోతాయి. ఇంజన్ బాగా తిరుగుతూ అందుకోకపోతే మాత్రం బ్యాటరీ జోలికే పోవద్దు, పెట్రోల్ పంపు, స్పార్క్ చూడాలి.

ఇప్పుడు బ్యాటరీకి పెడితే మల్టీమీటర్ 12.4 వోల్టులు చూపిస్తోంది. నిండు బ్యాటరీ అయితే 12.6, సగమైతే 12.2. అంటే దీనికి కారు లేవాలి! మరి ఎందుకు లేవట్లేదు? ఒక పిన్ను బ్యాటరీ సీసం కొమ్ము మీద, రెండోది దాన్ని పట్టుకున్న క్లాంపు మీద పెట్టాను. బాబాయ్, తాళం తిప్పండి. చూశారా, 3 వోల్టులు! దాదాపు సున్నా ఉండాలి. కరెంటుకి క్లాంపు చుట్టూ పట్టిన ఈ తెల్ల బూజే అడ్డు పడుతోంది.

10 నంబర్ స్పానర్ తీసుకుని ముందు నెగటివ్ విప్పండి. పాజిటివ్ ముందు విప్పితే స్పానర్ బాడీకి తగిలి నిప్పులు లేస్తాయి. వేడినీళ్లలో చెంచా వంటసోడా కలిపి పోస్తే బుసబుసా పొంగుతుంది. తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, బిగించేటప్పుడు పాజిటివ్ ముందు. పైన కాస్త వాజిలైన్.

అమెరికాలో ఏమైందో చూడ్డానికే 150 డాలర్లు అడిగే షాపులున్నాయండి. డాలర్‌కి 85 రూపాయల లెక్కన వేసుకున్నా 12,750 రూపాయలు! ఆ డబ్బుతో ఇక్కడ చిన్న కారుకి కొత్త బ్యాటరీ వేయించినా మిగులుతుంది. పైగా అక్కడ దాదాపు అన్నీ ఆటోమేటిక్‌లే, తోసి సెకండ్ గేర్‌లో క్లచ్ వదిలి స్టార్ట్ చేయడం కుదరదు. తోద్దామన్నా మనుషులుండాలిగా. ఇక్కడ బానెట్ ఎత్తేసరికే వాచ్‌మన్, ఇస్త్రీ బండి అన్న, థర్డ్ ఫ్లోర్ అంకుల్ వచ్చి ముగ్గురూ మూడు జబ్బులు చెప్పారు. మొదట ఎలక వైర్లు కొరికిందన్నారు. ఈ సెల్లార్‌లో అదీ జరగొచ్చు, చూశాం, కొరకలేదు.

అన్నట్టు, వానకి సెల్లార్‌లో నీళ్లొచ్చి కారు మునిగితే తాళం అసలు తిప్పకండి. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, దానికి తగిలించిన కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

ఆ, స్టార్ట్ అయింది! ఇంజన్ నడుస్తుంటే 14.1 వోల్టులు, అంటే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ బాగుంది. ఇక్కడే ఐదు నిమిషాలు ఆన్‌లో ఉంచితే ఛార్జ్ ఎక్కదు బాబాయ్, పదండి, అవుటర్ రింగ్ రోడ్ దాకా వెళ్లొద్దాం.