సరిహద్దు ఊళ్ళలో సినిమా వ్యాపారం: తెర వెనుక లెక్కలు

సభకు నమస్కారం.

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాల మన పిల్లల్లో సినిమా రంగం మీద మక్కువ ఉన్నవారు నటన, దర్శకత్వం గురించి అడుగుతారు గాని, పంపిణీ, ప్రదర్శన గురించి అడిగేవారు అరుదు. ఆ పనుల్లో డబ్బు సంపాదించడం ఒక ఎత్తు, వచ్చిన డబ్బు ఎవరిదో తేల్చుకోవడం మరొక ఎత్తు.

పోస్టరు మీద వేసే గ్రాస్ అంటే ప్రేక్షకులు చెల్లించిన మొత్తం. అందులో జీఎస్టీ పోగా మిగిలేది నెట్. అందులోనూ థియేటరు అద్దె గాని శాతం గాని పోగా పంపిణీదారుకు దక్కేది షేర్. బయ్యరు, అంటే తన ప్రాంతానికి సినిమా కొనుక్కున్న పంపిణీదారు పెట్టుబడి తిరిగి రావలసింది ఈ షేర్ నుంచే కాబట్టి, గ్రాస్ చూసి సంబరపడే వ్యాపారి ఇంకా కొత్తవాడని అర్థం. 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయల వరకు ధర ఉన్న టికెట్టుకు పన్ను 5 శాతం, వంద దాటితే 18 శాతం. పన్నుకు ముందు ధర 100 అయితే ప్రేక్షకుడు 105 రూపాయలు కడతాడు. అదే ధరను 110 చేస్తే 129 రూపాయల 80 పైసలు కట్టాలి. అతని జేబులోంచి 24 రూపాయల 80 పైసలు అదనంగా పోతే నెట్‌లో చేరేది పది రూపాయలే. ధర పెంచమని ఒత్తిడి చేసేవారు ఈ కూడిక ఒక్కసారి వేసుకోవడం మంచిది.

నష్టం ఎవరిదన్నది ఒప్పందం తేలుస్తుంది. అవుట్‌రైట్‌గా హక్కులను పూర్తిగా కొంటే లాభనష్టాలు రెండూ బయ్యరువే. కమిషన్ పద్ధతిలో, అంటే పంపిణీదారు కమిషన్ మాత్రమే తీసుకుంటే, నిర్మాతవే. ఎన్ఆర్ఏ, అంటే తిరిగిరాని అడ్వాన్సు మీద తీసుకుంటే, పెట్టుబడి, కమిషన్ తీరిన తర్వాత వచ్చే ఓవర్‌ఫ్లోను, అంటే మిగులును, బయ్యరు, నిర్మాత ఇద్దరూ పంచుకుంటారు. ఈ పద్ధతుల్లో దేని మీద తీసుకున్నా, బకాయిలు తేలక, హాల్లో సినిమా ఫైలు తెరుచుకోవడానికి కావలసిన డిజిటల్ కీ ఆగిపోతే హాలు నిండా జనం ఉన్నా ఆట పడదు.

మన ప్రాంతానికి వేరే చిక్కు ఉంది. పర్లాకిమిడి ప్రేక్షకుడు పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నం వెళ్ళి చూస్తే ఆ షేర్ ఉత్తరాంధ్ర పద్దులో పడుతుంది. ఊళ్ళోనే చూస్తే సాధారణంగా 'రెస్ట్ ఆఫ్ ఇండియా', అంటే మిగతా రాష్ట్రాల పద్దులో కలిసిపోతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే ధరల పెంపు జీవో సరిహద్దు ఇవతల చెల్లదు. పైగా జూన్‌లో రజో పండుగ, ఆపైన దసరా ఒడియా చిత్రాలకు ముఖ్యమైన విడుదల కాలాలు కనుక, ఆ వారాల్లో తెలుగు చిత్రానికి మంచి ఆటలు దొరకడం కష్టం. దీన్ని కొందరు భాషా వివక్ష అంటారు. నేను ఒప్పుకోను: హాలు యజమానికి ఏ బొమ్మ హాలు నింపుతుందన్నదే లెక్క.

ఈ రంగంలోకి రాదలచినవారు పంపిణీదారు తరఫున ప్రతినిధి ఉద్యోగంతో మొదలుపెట్టవచ్చు. ఆట ఆటకూ తరగతి వారీగా తెగిన టికెట్లను హాల్లోని తలలతో సరిచూసి, రోజువారీ వసూళ్ళ నివేదిక మీద సంతకం చేయడం ఆ పని. తెలుగుతో పాటు ఒడియా చదవడం, రాయడం వచ్చినవారికి ఈ జిల్లాల్లో అది మరింత సులువవుతుంది.