ప్రదక్షిణ మధ్యలో పట్టుకెళ్లారు

అందరికీ నమస్కారం. వెనకవాళ్లకి వినిపిస్తోందా? సరే. నాకు ఇచ్చిన టాపిక్ 'మత విశ్వాసాలు, జైళ్లు'. దాని మీద మొత్తం మాట్లాడాలంటే ఇరాన్‌లో బహాయీలు, రష్యాలో యెహోవా సాక్షులు, అలా దేశాల పేర్లు చదవడంతోనే గంట అయిపోతుంది, ఇంటికెళ్లాక మీకు ఒక్కటీ గుర్తుండదు. అందుకని ఒక్క ఊరు, ఒక్క జైలు, కొందరు అమ్మాయిల గురించి మాత్రమే చెప్తాను. ఊరు లాసా, చైనా పాలనలో ఉన్న టిబెట్‌కి రాజధాని. అమ్మాయిలు బౌద్ధ సన్యాసినులు.

నాకు ఈ విషయం ఎలా అంటుకుందో ముందు చెప్పాలి. మా విజయవాడకి ఏటా చలికాలం స్వెటర్లు అమ్ముకోవడానికి టిబెటన్లు వస్తారు, మీ ఊళ్లోనూ చూసే ఉంటారు, రోడ్డు పక్కన వరసగా కొట్లు, 'ఫిక్స్‌డ్ రేట్' అని ఒక అట్టముక్క, బేరమాడితే నవ్వుతారు గానీ పైసా తగ్గించరు. నేను ఎప్పుడూ ఒకావిడ దగ్గరే కొంటాను. మీదే ఊరమ్మా అని ఒకసారి అడిగితే మైసూరు దగ్గర బైలకుప్ప అంది. అసలు ఊరు లాసా పక్కన ఎక్కడో అట, వాళ్ల అమ్మ చెప్పడమే తప్ప తను చూడలేదు. అమరావతి మాత్రం మూడుసార్లు చూసిందట. పక్క ఊళ్లో పుట్టి పెరిగిన నేను రెండేసార్లు వెళ్లాను, అందులో ఒకటి స్కూల్ ఎక్స్‌కర్షన్!

అమరావతి మీద వాళ్లకెందుకంత భక్తి అంటే, కాలచక్ర తంత్రం అనే బౌద్ధ సాధనని బుద్ధుడు మొదట బోధించింది ధాన్యకటకంలో అని వాళ్ల నమ్మకం. ధాన్యకటకం అంటే అమరావతి పక్కనున్న మన ధరణికోట. 2006 జనవరిలో దలైలామా, అంటే మన దేశంలో తలదాచుకున్న టిబెటన్ల మతగురువు, వచ్చి అక్కడ కాలచక్ర జరిపించింది అందుకే. ఇంకో సంగతి చెప్తే మీరూ నాలాగే కాసేపు నోరు తెరుస్తారు. లాసా శివార్లలో 1416లో కట్టిన పెద్ద మఠం ఒకటుంది, పేరు డ్రెపుంగ్. టిబెటన్‌లో ఆ మాటకి అర్థం బియ్యపు రాశి. 'ధాన్యకటకం' అన్న మన మాటనే వాళ్లు తమ భాషలోకి మార్చి ఆ మఠానికి పెట్టుకున్నారు. కృష్ణ ఒడ్డున ఉన్న ఊరి పేరు హిమాలయాల అవతల ఆరు వందల ఏళ్లుగా నడుస్తోంది, మనకేమో తెలీదు.

ఇక అసలు విషయం. 1987 సెప్టెంబర్ 27న ఆ డ్రెపుంగ్ మఠం నుంచి 21 మంది భిక్షువులు లాసా ఊళ్లోకొచ్చారు. నడిబొడ్డున జోఖాంగ్ గుడి, దాని చుట్టూ బార్ఖోర్ అనే వీధి. అది వాళ్ల ప్రదక్షిణ వీధి, తెల్లవారుజాము నుంచీ జనం జపమాలలు తిప్పుకుంటూ గుడిని కుడివైపు ఉంచుకుని తిరుగుతుంటారు, అచ్చం మన గుళ్లలో లాగానే. ఈ 21 మందీ టిబెట్ జెండా పట్టుకుని, దేశానికి స్వేచ్ఛ కావాలని అరుస్తూ అదే ప్రదక్షిణ చేశారు. కొందరు మామూలు జనం కూడా కలిశారు. కాసేపటికి చైనా పోలీసులు అందర్నీ పట్టుకెళ్లారు.

నాలుగు రోజుల తర్వాత, అక్టోబర్ 1న, ఇంకో ఊరేగింపు జరిగింది, దాన్నీ అరెస్టులతో ఆపితే జనం తిరగబడ్డారు, పోలీస్ స్టేషన్ తగలబెట్టారు, కాల్పుల్లో మనుషులు పోయారు. అది దాచను. 2008 మార్చి 14న లాసాలో జరిగిన అల్లర్లలో ఏ పాపమూ తెలియని చైనీయులు చనిపోయారు, అదీ దాచను. నేను ఇవాళ మాట్లాడేది రాయి విసిరినవాళ్ల గురించి కాదు, చేతిలో జపమాల తప్ప ఏమీ లేనివాళ్ల గురించి.

1989 మార్చిలో లాసాలో మార్షల్ లా పెట్టి ఏడాదికి పైగా ఉంచారు. అయినా చిన్న చిన్న నిరసనలు ఆగలేదు. వాటిని ఎక్కువగా చేసింది ఎవరనుకున్నారు? సన్యాసినులు, చాలామందికి ఇరవై ఏళ్లు కూడా ఉండవు. వీళ్లే ఎందుకంటే, ఇంట్లో పిల్లలున్నవాడు నినాదం ఇస్తే పిల్లల చదువు పోతుంది, భార్య ఉద్యోగం పోతుంది. సన్యాసినికి ఆ భయం లేదు, పోతే తనే పోతుంది. నలుగురో ఐదుగురో కలిసి బార్ఖోర్‌కి వచ్చేవాళ్లు, గుడి ముందు మొదలెట్టి 'టిబెట్‌కి స్వేచ్ఛ', 'దలైలామా చల్లగా ఉండాలి' అని అరుస్తూ నడిచేవాళ్లు. మూడు నాలుగు నిమిషాలు, అంతే. చాలాసార్లు ఒక్క చుట్టు కూడా పూర్తయ్యేది కాదు. ఆ నాలుగు నిమిషాలకి మూడేళ్లు, ఐదేళ్లు, తొమ్మిదేళ్లు జైలు. తొమ్మిదేళ్లు పడింది ఫున్‌సోగ్ నైడ్రోన్‌కి. 1989 అక్టోబర్‌లో దలైలామాకి నోబెల్ శాంతి బహుమతి ప్రకటించాక, ఆ నెలలోనే ఊరేగింపు చేసినందుకు.

వాళ్లలో అందరికంటే చిన్నవాళ్లలో ఒకరు నవాంగ్ సాంగ్‌డ్రోల్. ఆమె ఉన్న సన్యాసినుల మఠం పేరు 'గారు' (మన 'గారు'కీ దానికీ సంబంధం లేదు లెండి). 1990లో నినాదాలు ఇచ్చిందని పట్టుకునేటప్పటికి ఆమెకి 13 ఏళ్లు, విచారణ అంటూ ఏమీ లేకుండా తొమ్మిది నెలలు ఉంచారు. వదిలాక ఇంట్లో కూర్చోలేదు. 1992లో మళ్లీ నినాదం, ఈసారి మూడేళ్ల శిక్ష, లాసాలోని డ్రాప్చి జైలు. అప్పటికి ఆమె వయసు 15. మన లెక్కలో టెన్త్ పరీక్షలు రాసే పిల్ల.

1993లో ఆ జైల్లో ఏం జరిగిందంటే, ఎలాగో ఒక టేప్ రికార్డర్ లోపలికొచ్చింది. 14 మంది సన్యాసినులు, కాపలావాళ్ల కళ్లు గప్పి, ఒకరి తర్వాత ఒకరు దాంట్లో పాటలు పాడారు. అమ్మానాన్నల మీద బెంగ, దలైలామా మీద భక్తి, జైల్లో తిన్న దెబ్బలు, ఇవే ఆ పాటల్లో విషయాలు. మేం బతికే ఉన్నాం, మేం మారలేదు, మీరు బెంగపడకండి అని బయటవాళ్లకి ఉత్తరం లాంటిది అనుకోండి. క్యాసెట్ గోడ దాటింది, ఆ తర్వాత దేశమూ దాటింది. జైలువాళ్లకి తెలిసింది. 14 మందికీ శిక్షలు పెంచారు, ఐదేళ్ల నుంచి తొమ్మిదేళ్ల దాకా. నినాదం ఇచ్చినందుకు సాంగ్‌డ్రోల్‌కి పడింది మూడేళ్లయితే, పాట పాడినందుకు ఇంకో ఆరు. నైడ్రోన్‌కి తొమ్మిది మీద ఎనిమిది, మొత్తం పదిహేడు.

ఆ తర్వాత 1996లో, అధికారి వస్తే లేచి నిలబడలేదని, పక్క సరిగ్గా మడవలేదని మొదలైన గొడవ ఒకటి. దండనగా బయట నిలబెడితే సాంగ్‌డ్రోల్ అక్కడ కూడా 'టిబెట్‌కి స్వేచ్ఛ' అని అరిచింది. ఇంకో ఎనిమిదేళ్లు. ఆ తర్వాత కూడా పెరిగి, చివరికి మొత్తం ఇరవై ఏళ్లు దాటింది. ఆ పిల్ల ఎవరినీ కొట్టలేదు, ఏమీ తగలబెట్టలేదు, ఆమె నేరాల చిట్టా అంతా నోటితో చేసిందే.

నాకు అర్థమైనంతలో ఈ శిక్షలు అసలు చేసిన పనికి కావు. చేసిన పనికైతే ఒకసారి వేసి వదిలేస్తారు. తప్పయిందని అను, దలైలామా చెడ్డవాడని అను, అన్నావంటే నీ బతుకు నీది, అనకపోతే ఇంకో మూడేళ్లు తర్వాత మళ్లీ అడుగుతాం, లెక్క ఇది. 1996 నుంచి 'దేశభక్తి విద్య' అని ఒక కార్యక్రమాన్ని మఠాల్లోకి తెచ్చారు, అధికారులు అక్కడే మకాం వేసి అందరిచేతా ఈ మాటే అనిపించేవాళ్లు, రాయించి సంతకాలు పెట్టించేవాళ్లు, దలైలామా ఫోటో కూడా ఉండకూడదు. అనని వాళ్లని మఠం నుంచి గెంటేసేవాళ్లు.

చట్టం లేదా అని అడుగుతారేమో. ఎందుకు లేదు, ఉంది! చైనా రాజ్యాంగం 36వ అధికరణం మత విశ్వాస స్వేచ్ఛ ఇస్తుంది, 'సాధారణ' మత కార్యకలాపాలకి రక్షణ ఉంటుందంటుంది. కిటుకంతా ఆ 'సాధారణ'లో ఉంది. ఏది సాధారణమో సర్కారే చెప్తుంది. మన 25వ అధికరణానికి కూడా శాంతిభద్రతలు, నీతి, ఆరోగ్యం అని హద్దులున్నాయి, కానీ ఆ హద్దు దాటావో లేదో తేల్చమని కోర్టుకెక్కే దారి ఒకటుంది. అక్కడ ఆ దారి లేదు. పోయిన లామా పిల్లాడిగా మళ్లీ పుడతాడని టిబెటన్ల నమ్మకం. 1995లో దలైలామా ఒక ఆరేళ్ల పిల్లాణ్ణి అలా మళ్లీ పుట్టిన పంచెన్ లామాగా, అంటే తన తర్వాత అంత పెద్ద గురువుగా, ప్రకటిస్తే మూడు రోజులకి ఆ పిల్లాణ్ణీ తల్లిదండ్రుల్నీ తీసుకెళ్లిపోయారు, ఇవాళ్టిదాకా జనం కంటపడలేదు. 2007లో ఇంకో రూల్ వచ్చింది, లామా మళ్లీ పుట్టాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాలట! నవ్వకండి, నిజంగానే. దేవుణ్ణి మేం నమ్మం అని చెప్పుకునే కమ్యూనిస్టు పార్టీ పునర్జన్మకి పర్మిట్ ఇస్తుంది.

చైనా వాదన కూడా చెప్పాలి కదా. పాత టిబెట్‌లో మఠాలకీ దొరలకీ భూములుండేవి, రైతులు కట్టుబానిసలు, మేమొచ్చి విడిపించాం అంటారు. పాత టిబెట్ స్వర్గమని నేనూ అనను, వెట్టి అంటే ఏమిటో తెలంగాణలో పుట్టినవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. సరే, 1977లో పుట్టిన సాంగ్‌డ్రోల్ ఎవరిచేత వెట్టి చేయించింది?

1998 మే నెలలో డ్రాప్చిలో ఖైదీలందర్నీ నిలబెట్టి చైనా జెండా ఎగరేస్తుంటే కొందరు నినాదాలిచ్చారు. ఆ తర్వాత జరిగిన హింస గురించి బతికి బయటపడ్డవాళ్లు చెప్పారు, దాన్ని మైకులో చదివే ఓపిక నాకు లేదు. జూన్ 7న ఐదుగురు సన్యాసినులు చనిపోయారు. పాటలు పాడిన 14 మందిలో ఒకామె 2001లో శిక్షలో ఉండగానే పోయింది. సాంగ్‌డ్రోల్‌ని 2002 అక్టోబర్‌లో, నైడ్రోన్‌ని 2004 ఫిబ్రవరిలో వదిలారు, అదీ బయటి దేశాలు ఏళ్ల తరబడి ఒత్తిడి పెడితే.

మనం మాత్రం సుద్దపూసలమా అంటే, 2019 అక్టోబర్‌లో షీ జిన్‌పింగ్ మహాబలిపురం వస్తున్నాడని చెన్నైలో టిబెటన్ విద్యార్థుల్ని ముందుగానే లోపలేశారు. ఏదైనా అంటారేమో అని! అంతకంటే ఇవాళ దాని జోలికి పోను.

పోయిన డిసెంబర్‌లో స్వెటర్ కొనడానికి వెళ్లినప్పుడు ఆ క్యాసెట్ సంగతి మీకు తెలుసా అని ఆవిడని అడిగాను. ఆవిడ ఏమీ అనలేదు, నా వీపుకి స్వెటర్ ఆనించి భుజాలు జేనతో కొలిచి పక్కన పెట్టింది, ఫోన్ తీసి వెతికి ఒక పాట పెట్టింది. పాత టేప్ గరగర, దాని వెనక ఒక పిల్ల గొంతు, సన్నగా, గట్టిగా పాడితే ఎవరైనా వింటారన్నట్టు. భాష రాదు కదా, అర్థం అడుగుదామనుకున్నాను. అంతలో ఒకాయన బైక్ ఆపి, దిగకుండానే నీలం రంగుది ఎంత అన్నాడు. ఆవిడ ఫోన్ ఆపి, ఏడు వందలు, ఫిక్స్‌డ్ రేట్ అంది.