సైకిళ్ల పాతర

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం, అదీ పప్పన్నం తిన్నాక, సైకిళ్ల పార్కింగ్ గురించి వినడానికి ఇంతమంది కూర్చున్నారంటే మీ ఓపికను మెచ్చుకోవాల్సిందే. కునుకు పట్టినవాళ్లను నేనేమీ అనను.

మనలో సగానికి సగం మంది ఈ టోక్యోలో నిషి-కసాయిలోనో ఆ చుట్టుపక్కలో కాపురం ఉంటున్నాం. టోజాయ్ సబ్‌వే (భూగర్భ రైలు) లైన్‌లో ఒక్క స్టేషన్ అవతల కసాయి. కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు ఆ పేరు విని ఓసారి నవ్వుకోవడం మామూలే. అక్కడ ఇంకో తమాషా ఉంది. సబ్‌వే అంటాం గానీ రైలు వంతెన మీద పోతుంది. వంతెన కింద సబ్‌వే మ్యూజియం. నిజంగా నేల కిందికి దిగినవి సైకిళ్లు. ఎడొగావ వార్డు 2008లో అక్కడ తెరిచిన పార్కింగ్‌లో మొత్తం 9,400 సైకిళ్లు పడతాయి. అందులో 6,480 యంత్రమే లోపల పెట్టి, యంత్రమే బయటికి తీసేవి. నేలలోకి దింపిన గొట్టాల్లాంటివి 36 ఉన్నాయి, ఒక్కోదాంట్లో 180.

వాడే పద్ధతి మీలో కొందరికి తెలుసు. సైకిల్‌కు చిన్న ట్యాగ్ తగిలించి ఉంటుంది. ముందు చక్రాన్ని తలుపు ఎదుట ఉన్న గాడిలోకి తోస్తే యంత్రం ట్యాగ్ చదువుకుంటుంది. మనం వెనక్కి జరిగి బటన్ నొక్కాలి. తలుపు జరుగుతుంది, ఓ చెయ్యి వచ్చి చక్రాన్ని పట్టి లోపలికి లాక్కుంటుంది, తలుపు మూసుకుంటుంది. లోపల మధ్యలో లిఫ్టు, దాని చుట్టూ అంతస్తులవారీగా సైకిళ్లు ముందు చక్రం మధ్యకు పెట్టుకుని గుండ్రంగా నిలబడి ఉంటాయి. తిరిగి కావాలంటే కార్డు చూపిస్తే చాలు.

ఇంటర్నెట్‌లో తిరిగే వీడియోలన్నీ ఆ లిఫ్టు దిగడం దగ్గరే ఆగిపోతాయి. చూడ్డానికి బాగానే ఉంటుంది, కాదనను. పునాదుల పని చేసేవాణ్ణి కాబట్టి నా కళ్లు మాత్రం రెండు చోట్ల ఆగుతాయి: గోడ దగ్గర, తలుపు దగ్గర.

ముందు గోడ సంగతి. ఈ రకం పార్కింగ్ కట్టే సంస్థల్లో గికెన్ ఒకటి. ఊరు కోచి. మన కేరళ కొచ్చి కాదు, షికోకు దీవిలోది. దాని వ్యవస్థాపకుడు కితామురా అకియో. గోతి చుట్టూ మట్టి కూలకుండా గోడగా నిలిపే ఉక్కు పలకలను సుత్తితో బాది నేలలో దింపితే ఊరంతా అదిరిపోయి జనం తిట్టే రోజుల్లో, 1975లో, బాదకుండా నొక్కి దింపే యంత్రం తెచ్చారు. దాని కిటుకు చాలా సులువు. అప్పటికే నేలలో దిగి గట్టిగా కూర్చున్న మూడు నాలుగు పలకల తలలను యంత్రం పట్టుకుంటుంది. వాటి బిగువును ఆసరా చేసుకుని పక్క పలకను కిందికి నొక్కుతుంది. అది దిగాక దాని మీదికి జరిగి ఇంకోదాన్ని. అలా గుండ్రంగా నడుచుకుంటూ వెళ్లి గోడ పూర్తి చేస్తుంది. పక్కింట్లో పసిపాప నిద్రపోతున్నా లేవదని చెప్పలేను గానీ, సుత్తి మోతతో పోలికే లేదు. ఇళ్ల మధ్య, స్టేషన్ పక్క, పార్కు మూల ఇలాంటి గొయ్యి తవ్వగలగడానికి ఈ కిటుకు చాలా సాయపడింది. టోక్యోలోనే షినగావా స్టేషన్ దగ్గర కోనాన్‌లో ఓ పార్కులో ఇలాంటివి ఐదున్నాయి. ఒక్కోదాంట్లో 204 చొప్పున 1,020 సైకిళ్లు. పైన పార్కు పార్కులాగే ఉంది.

గోడ కట్టేశాం, అయిపోయిందా? కాలేదు. మనం ఉంటున్న ఎడొగావ సంగతి తెలుసుగా. వార్డు నేలలో దాదాపు 70 శాతం సముద్రపు పోటు మట్టం కన్నా కిందే ఉంటుంది. 2019లో వార్డు పంచిన వరద మ్యాపు అట్ట మీద "ఇక్కడ ఉండొద్దు" అని పెద్దక్షరాలతో రాస్తే దేశమంతా చెప్పుకున్నారు. ఇలాంటి చోట కాస్త తవ్వితే నీళ్లే. 8 మీటర్ల వ్యాసం, 11 మీటర్ల లోతు ఉన్న బోలు గొట్టాన్ని నీళ్లున్న మట్టిలో పెట్టామనుకోండి. నీళ్లు నేలమట్టం దాకా ఉంటే దాన్ని సుమారు 550 టన్నుల బలంతో పైకి నెడతాయి. లోపల సైకిళ్లన్నీ నిండినా వాటి బరువు నాలుగు టన్నులకు అటూ ఇటూ. అంటే ఆ గొట్టం తేలకుండా ఆపాల్సింది సైకిళ్లు కాదు. అడుగున పోసిన కాంక్రీటు, గోడను పట్టుకున్న మట్టి. చాలా చోట్ల నేల కింది కట్టడాల్లో బోలెడు ఖర్చు ఈ కనబడని కుస్తీకే పోతుంది.

ఇక తలుపు. మా తాతగారి ఊళ్లో ధాన్యం పాతర ఉండేది. కడుపు పెద్దది, నోరు చిన్నది. ఏడాదికోసారి నింపి, అవసరమైనప్పుడు బుట్టెడు తీసుకునే వస్తువుకు చిన్న నోరు పర్వాలేదు. సైకిల్ అలా కాదు. పొద్దున వేలమంది ఒకేసారి పెడతారు, సాయంత్రం వేలమంది ఒకేసారి అడుగుతారు. గికెన్ చెప్పే లెక్క ప్రకారం సైకిల్ బయటికి రావడానికి సగటున 13 సెకన్లు. వినడానికి చిటికెలో పని. కానీ కోనాన్ గొట్టంలోని 204ను 13తో గుణించండి: 2,652 సెకన్లు, అంటే 44 నిమిషాలు. ఒక గొట్టంలో సైకిల్ పెట్టినవాళ్లంతా ఒకే రైలు దిగొస్తే చివరివాడు ముప్పావుగంట నిలబడాలి. అంతమంది ఒకే రైలుకు రారనుకోండి. అయినా, కరోనాకు ముందు టోజాయ్ లైన్‌లో కిబా, మోంజెన్-నకచో మధ్య పొద్దుటి రద్దీ 199 శాతం అని ప్రభుత్వ లెక్క. అంటే రెండు పెట్టెల జనం ఒక పెట్టెలో. వాళ్లే సాయంత్రం తిరిగొస్తారు. వర్షం పడే సాయంత్రం, మీ గొట్టం ముందు మీకన్నా ముందు పదిమంది ఉంటే, మీ సైకిల్ పక్క గొట్టం నుంచి రాదు. అందుకే కసాయిలో 36 నోళ్లు పెట్టారు. ఒక పెద్ద గొయ్యి తవ్వి ఒకే తలుపు పెట్టి ఉంటే ఇంకా చౌకగా అయ్యేది, ఎవ్వరూ వాడేవారు కాదు.

నెదర్లాండ్స్ వాళ్లు ఈ తలుపు బాధే వద్దనుకున్నారు. ఉట్రెక్ట్ స్టేషన్ కింద 12,500 సైకిళ్ల పార్కింగ్ 2019లో పూర్తయింది. ప్రపంచంలో అతి పెద్దది అదేనంటారు. మూడంతస్తులు, లోపలికి తొక్కుకుంటూనే వెళ్లొచ్చు, యంత్రం లేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2023 జనవరిలో సెంట్రల్ స్టేషన్ ఎదుట నీళ్ల అడుగున 7,000 సైకిళ్లకు తెరిచారు. అక్కడా అంతే. ఎవరి సైకిల్ వాళ్లే పెడతారు, వాళ్లే తీస్తారు, వందమంది ఒకేసారి వస్తే వంద జతల చేతులు పని చేస్తాయి. నన్నడిగితే స్థలం దొరికే చోట డచ్చివాళ్ల పద్ధతే మేలు. స్థలం దొరకనప్పుడే యంత్రం. 204 సైకిళ్లను మామూలుగా నిలబెడితే, మనిషి నడిచే దారితో కలిపి, నా ఉజ్జాయింపులో 350 చదరపు మీటర్లు దాటుతుంది. గొట్టానికి పైన ఓ చిన్న గది చాలు. టోక్యోలో స్టేషన్ పక్కన 350 చదరపు మీటర్లు ఎవరిస్తారు?

ఇక్కడ ఒక విషయం మన ఇంజినీర్లు తరచుగా వదిలేస్తారు. ఈ గోతులు తవ్వకముందు చట్టాలు వచ్చాయి. 1980ల మొదట్లో దేశం మొత్తం మీద స్టేషన్ల చుట్టూ అడ్డదిడ్డంగా వదిలేసిన సైకిళ్లు దాదాపు 10 లక్షలు. 1980లో సైకిళ్ల చట్టం చేశారు, 1993లో సవరించి బిగించారు. పార్కింగ్ కట్టడం, వదిలేసిన వాటిని లారీలో ఎత్తుకెళ్లడం, రుసుం కట్టించుకుని తిరిగివ్వడం, ఎవరూ రాకపోతే వదిలించుకోవడం: ఇవన్నీ స్థానిక సంస్థల చేతికొచ్చాయి. కొనగానే సైకిల్‌ను రిజిస్టర్ చేయించడం తప్పనిసరైంది. మీ సైకిల్ మీదున్న ఆ స్టిక్కర్ అదే. బయట వదిలేస్తే ఎత్తుకెళ్తారన్న భయం లేకపోతే, డబ్బు కట్టి గొట్టం ముందు క్యూలో ఎవరు నిలబడతారు చెప్పండి?

ఖర్చు ఎవరు భరించాలన్న దాని మీదా గొడవ జరిగింది. టోక్యోలో ఇకెబుకురో స్టేషన్ ఉన్న తొషిమా వార్డు, సైకిళ్లొచ్చేది మీ రైళ్ల కోసమే కదా అని రైల్వే కంపెనీల మీద పన్ను వేయాలనుకుంది. వెయ్యిమంది ప్రయాణికులకు 740 యెన్‌లు. కంపెనీలు గట్టిగా ఎదురు తిరిగాయి. చివరికి అవి పార్కింగ్‌కు సహకరిస్తామనడంతో 2006లో ఒక్క యెన్ వసూలు కాకుండానే ఆ పన్ను రద్దయింది. నాకు ఈ కథ లిఫ్టు వీడియో కన్నా ఇష్టం. తొషిమా వార్డు పన్ను పోగొట్టుకుని పని సాధించుకుంది.

హైదరాబాద్ మెట్రో దగ్గర ఒకటి పెడితే ఎలా ఉంటుందని ఇందాక ఓ తమ్ముడు అడిగాడు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ 2023లో వేశారు, సంతోషమే. కానీ మెట్రో స్టేషన్ల దగ్గర మన కళ్లకు అడ్డుపడేవి స్కూటర్లు, బైకులు. వంద కిలోలు దాటే బరువు, ట్యాంకులో పెట్రోలు. ఇరవై కిలోల సైకిల్ కోసం చేసిన చెయ్యి దాన్ని ఎత్తలేదు, పెట్రోలు బళ్లను మూసిన గోతిలో పేర్చడానికి నేనైతే సంతకం పెట్టను. సైకిళ్ల గుంపు వచ్చి ఫుట్‌పాత్ మీద మనిషి నడవలేని రోజు వస్తే అప్పుడు మాట్లాడుకుందాం. అప్పుడు కూడా ముందు ఇనుప స్టాండు, ఓ కప్పు, ఓ కాపలా మనిషి, గొయ్యి తర్వాత.

చివరిగా అమ్మల కోసం ఒక మాట. వెనకా ముందూ పిల్లల సీట్లున్న పెద్ద సైకిళ్లు యంత్రం కొలతలకు పట్టకపోవచ్చు. పాస్ తీసుకునేముందు సైకిల్‌ను వెంట తీసుకెళ్లి కౌంటర్లో చూపించండి. పట్టకపోతే మామూలు స్టాండ్ల వైపు అడగండి. కసాయిలో 2,900కు పైగా చోటు అలాంటిదే. సీటు విప్పేసి ఎలాగో తోద్దామని మాత్రం చూడకండి, ఆ చెయ్యి మొహమాటానికి పోదు.

ప్రశ్నలుంటే అడగండి. మైక్ వెనక వరసకు ఇవ్వండి, వాళ్లు ఇందాకట్నుంచి చెయ్యెత్తుతున్నారు.